గంగకు వెళ్లే సంచిలో ఆ నాలుగు అట్టలు వద్దు

హరిద్వార్ ప్రయాణానికి రెండు రోజుల ముందు మా మేనత్త మందుల డబ్బా నా ముందు పెట్టి, "ఏమైనా మర్చిపోయానేమో చూడవే" అంది. పాత బిస్కెట్ల రేకు డబ్బా. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, మోకాళ్లకు రాసుకునే ఆయింట్‌మెంటు, అమృతాంజనం సీసా. అడుగున రబ్బరు బ్యాండు వేసిన నాలుగు అట్టలు. ఒకటి అజిత్రోమైసిన్, ఒకటి సెఫిక్సిమ్, రెండేమో ఓఫ్లాక్సాసిన్, ఓర్నిడజోల్ కలిపిన మాత్రలు. నాలుగూ యాంటీబయాటిక్‌లే.

"ఇవెందుకత్తా?"

"గొంతు పట్టేస్తే ఇది, జ్వరానికి ఇది, మోషన్స్ అయితే ఆ లావు మాత్రలు. మందుల షాపు కుర్రాడు ఇచ్చాడు. ఊరు కాని ఊరు, ఎందుకైనా మంచిది."

ఏమీ మర్చిపోలేదని చెప్పి, ఆ నాలుగు అట్టలూ తీసి నా బీరువాలో చీరల కింద పెట్టేశాను. రైలు విజయవాడ దాటాక ఆవిడకి సంగతి తెలిసింది. ఢిల్లీ దాకా నాతో మాట్లాడలేదు.

ఎందుకు తీశానో, వాటి బదులు ఏం పెట్టానో, అక్కడ ఏం చేశామో, వచ్చాక ఏం చేయాలో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కాకినాడలో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో 27 ఏళ్లు కల్చర్ బల్ల దగ్గర, అంటే శాంపిల్‌లోని క్రిముల్ని పెంచి చూసే చోట, కూర్చున్నదాన్ని. మాత్ర వేసుకున్న మనిషిని డాక్టరు చూస్తాడు. ఆ మాత్రకు చావని క్రిమిని నేను చూశాను.

ప్లేటు మీద కనిపించేది

మూత్రమో, పుండులోని చీమో ల్యాబ్‌కి వస్తే చిన్న తీగ లూపుతో మెకాంకీ ప్లేటు (క్రిములకు మేత పోసిన ప్లేటు) మీద గీసి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పొద్దున మూత తీసేసరికి ఇ.కోలై అయితే గులాబీ రంగు చుక్కలుగా పొడిగా కనిపిస్తుంది. క్లెబ్సియెల్లా అయితే జిగటగా ఉంటుంది. లూపుతో తాకి పైకి లాగితే, అరిసెల పాకం తీగ వచ్చినట్టు సాగుతుంది. దాన్ని ఇంకో ప్లేటు మీద పలచగా పరిచి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కోటి బొట్టు బిళ్లంత. మర్నాటికి మందు పనిచేసిన బిళ్ల చుట్టూ శుభ్రమైన ఖాళీ వలయం ఉంటుంది, స్కేలు పెట్టి కొలుస్తాం. పనిచేయని బిళ్ల అంచు దాకా క్రిమి నాచులా పాకేసి ఉంటుంది.

నేను చేరిన కొత్తలో మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ వలయం లేకపోతే పక్క గదిలోవాళ్లని పిలిచి మరీ చూపించుకునేవాళ్లం. అది ఐసీయూల్లో వాడే పెద్ద మందు. ఉద్యోగం మానేసే నాటికి అలాంటి ప్లేటు చూసి ఎవరూ తల తిప్పేవాళ్లు కాదు.

ఆ మందును ముక్కలు చేసేసే ఎంజైముల్లో ఒకదాని పేరు ఎన్‌డీఎం-1. దాన్ని తయారుచేసే జన్యువు ఒక క్రిమి నుంచి ఇంకో జాతి క్రిమికి చేతులు మారగలదు. రిషికేశ్, హరిద్వార్ ప్రాంతంలో గంగలో ఏడు చోట్ల నీళ్లు, అడుగు మట్టి తీసి ఈ జన్యువు కోసం వెతికారు, ఐఐటీ ఢిల్లీ, బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు. 2014లో ప్రచురించారు. ఫిబ్రవరిలో నీళ్లు బాగున్నాయి, జన్యువు చాలా తక్కువ. యాత్రికులు వచ్చిపడే జూన్‌లో, జనాభా పెరిగినదాన్ని లెక్కలోంచి తీసేసి తలసరి చూసినా, ఫిబ్రవరి కన్నా 20 రెట్లు ఎక్కువ. మలంలో ఉండే కోలిఫాం క్రిములు ఎక్కడ ఎక్కువో ఇదీ అక్కడే ఎక్కువ.

తలసరి అన్న మాట దగ్గర ఆగండి. జనం రెట్టింపైతే మురికి రెట్టింపవుతుంది, అది ఎవరికైనా తెలుసు. కానీ మనిషికి ఇంతని లెక్కేసినా పెరిగిందంటే, ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల కడుపులో అక్కడివాళ్ల కన్నా ఎక్కువ ఉన్నదన్నమాట. గంగ మనకి ఇచ్చింది కాదు, మనం పట్టుకెళ్లి గంగకి ఇచ్చింది. పక్క ఘాట్‌లో మునిగినవాళ్లు దాన్ని వాళ్ల ఊరికి పట్టుకెళ్తారు.

మాత్రలు ఎందుకు తీసేశాను

మన పేగులో కోట్లకొద్దీ మంచి క్రిములుంటాయి. కొత్తగా వచ్చిన మొండి క్రిమికి అక్కడ కూర్చోవడానికి చోటు దొరకదు. యాంటీబయాటిక్ వేసుకున్న రోజున ఆ కాపలా అంతా పడిపోతుంది. మందుకు చావనిదే మిగులుతుంది. రైలు బోగీలో అందర్నీ దింపేసి ఒక్కడికి బెర్తులన్నీ ఇచ్చినట్టు.

ఇది ఊహ కాదు. ఫిన్లాండ్ నుంచి వేడి దేశాలకు వెళ్లొచ్చిన 430 మందిని పరీక్షించారు, 2015 నాటి లెక్క. ప్రయాణంలో విరేచనాలు కానివాళ్లలో 11 శాతం మంది ఈఎస్‌బీఎల్ (చాలా యాంటీబయాటిక్‌లను ముక్కలు చేసే ఎంజైము) ఉన్న మొండి క్రిమిని కడుపులో వేసుకుని ఇంటికొచ్చారు. విరేచనాలై, మాత్ర వేసుకోనివాళ్లలో 21 శాతం. విరేచనాలై యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లలో 37 శాతం. దక్షిణాసియాకి, అంటే మన వైపు వచ్చి మాత్ర వేసుకున్నవాళ్లలో అయితే 80 శాతం.

"వాళ్లు ఫిన్లాండ్ వాళ్లు, మనకేం?" అని మా బావగారు అడిగారు. మంచి ప్రశ్నే. మనలో చాలామంది కడుపులో ఈఎస్‌బీఎల్ ఇంట్లో కూర్చున్నా ఉంటుంది. కానీ ఎన్‌డీఎం లాంటివి ఇంకా అందరిలో లేవు. అవి చేరకుండా చూసుకోవడమే ఇప్పుడు మన చేతిలో ఉన్నది.

ఇంకో సంగతి. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 నుంచి ఆ జాబితాలో ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి. అట్ట మీద నిలువు ఎర్రగీత ఉంటే అది చీటీ మీద తప్ప కొనకూడని మందు. ఇంట్లో ఉన్న అట్టలన్నీ ఒకసారి తిరగేసి చూడండి, ఎన్ని ఎర్రగీతలు తేలతాయో.

డాక్టరు మిమ్మల్ని చూసి, మీ జబ్బు తెలిసి, "రక్తం పడితే ఇది వేసుకో" అని రాసిస్తే ఆ మాట వేరు. అది తీసుకెళ్లండి. నేను చెప్పేది మందుల షాపు కుర్రాడు రాసిచ్చినవాటి గురించి.

వాటి బదులు డబ్బాలో ఇవి పెట్టాను: లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి నాలుగు, పారాసిటమాల్, థర్మామీటరు, మూతున్న డబ్బాలో చిన్న సబ్బు, క్లోరిన్ మాత్రలు, రోజూ వేసుకునే మందుల పేర్లు రాసిన కాగితం. ఒక స్టీలు గరిటె కూడా, పొడుగు కాడది. దాని కథ తర్వాత.

టైఫాయిడ్ టీకా వేయించుకోవాలంటే కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్‌లో 2016లో మొదలైన, మందులకు లొంగని టైఫాయిడ్‌కి నోటి మాత్రల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. దాన్ని ఆపడానికి వాడింది మన హైదరాబాద్‌లో తయారైన టీకా. పెద్దవాళ్లకు ఫ్లూ టీకా కూడా మంచిది. గొంతు నొప్పి రాకపోతే అజిత్రోమైసిన్ గుర్తుకురాదు.

నీళ్లు, స్నానం

అందరూ ముందు తెలుసుకోవాల్సిందిది. మందుకు చావని క్రిమి మరిగే నీళ్లకు చస్తుంది. క్లోరిన్‌కీ చస్తుంది, సబ్బుకు చేతుల మీంచి కొట్టుకుపోతుంది. మందును తట్టుకోవడం నేర్చుకుంది కానీ వేడిని తట్టుకోవడం నేర్చుకోలేదు. అందుకే ఇందులో చేయాల్సిన పనులన్నీ మా అమ్మమ్మకి తెలిసిన పనులే.

తాగే నీళ్లు గలగలా పొంగే దాకా కాచి ఒక నిమిషం ఉంచితే చాలు. కేదారనాథ్ లాంటి ఎత్తుల్లో, రెండు వేల మీటర్లు దాటితే, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కాబట్టి మూడు నిమిషాలు. మేం ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి తీసుకెళ్లి రాత్రి కాచి సీసాల్లో పోసుకునేవాళ్లం. క్లోరిన్ మాత్రయితే అట్ట మీద ఎన్ని లీటర్లకని రాశారో అన్ని లీటర్లకే వేసి అరగంట ఆగాలి. నీళ్లు బురదగా ఉంటే ముందు తేర్చి, బట్టతో వడగట్టాలి, లేకపోతే క్లోరిన్ అంతా బురదకే ఖర్చవుతుంది. సీల్ వేసిన సీసా సరే. ఇరవై లీటర్ల క్యాన్‌లో ఎవరు, ఎక్కడ, ఏం పట్టారో ఆ క్యాన్‌కే తెలియాలి.

గంగ నీళ్ల సంగతి చెబుతాను, తొందరపడి కోప్పడకండి. "ఏళ్లు ఉంచినా పురుగు పట్టదు" అని మా మేనత్త అంటుంది. అందులో నిజం ఉంది. 1896లో ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆయన గంగ, యమున నీళ్లు కలరా క్రిమిని చంపుతున్నాయని రాశాడు. క్రిముల్ని తినే ఫేజ్‌లు నీళ్లలో ఉండడమే కారణమని తర్వాత అనుకున్నారు. అయితే ఒక్కో ఫేజ్ ఒక్కో రకం క్రిమినే తింటుంది, దొరికిందల్లా తినదు. హరిద్వార్ దగ్గర గంగ స్నానానికి పనికొస్తుందనీ, తాగడానికి పనికిరాదనీ ఉత్తరాఖండ్ కాలుష్య నియంత్రణ మండలే 2024 డిసెంబరులో చెప్పింది. స్నానం చేసే నీళ్లకు మన దేశంలో పెట్టిన హద్దు, 100 మిల్లీలీటర్లలో మలం నుంచి వచ్చే కోలిఫాంలు 2,500 మించకూడదని. 2025లో ప్రయాగ్‌రాజ్ కుంభమేళా జరుగుతుండగా కొన్ని చోట్ల ఆ హద్దు దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హరిత ట్రిబ్యునల్‌కు చెప్పింది. మళ్లీ ఇంకో నివేదికలో, మొత్తం మీద లెక్కేస్తే స్నానానికి తగ్గట్టే ఉందని రాసింది. రెండూ నిజమే కావచ్చు. ఒకే ఘాట్‌లో పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క వస్తుంది.

కాబట్టి మునగండి, మింగకండి. మూడు మునకలకీ ముక్కు మూసుకుని, పెదవులు బిగించండి. ఆచమనం దగ్గరే చిక్కు. మేం ఇంటి నుంచి చిన్న రాగి చెంబులో కాచిన నీళ్లు తీసుకెళ్లి, అందులో తులసి వేసి దాంతో ఆచమనం చేసి, గంగను నెత్తిన చల్లుకున్నాం. పురోహితుడు ఏమీ అనలేదు. మా మేనత్త మాత్రం "కాచిన గంగ గంగ కాకుండా పోతుందా ఏమిటి" అని ఘాట్ నీళ్లనే రాత్రి లాడ్జిలో కాయించి, మర్నాడు వాటితో చేసింది. నాకు ఆవిడ పద్ధతే బాగా నచ్చింది.

తెల్లవారుజామునే వెళ్లండి, రద్దీకి ముందు. కాలువ కలిసే చోటుకి దిగువన దిగకండి. పెద్ద వాన పడ్డ రోజూ, మర్నాడూ పై నుంచి అంతా కొట్టుకొస్తుంది, ఆ రోజు ప్రోక్షణతో సరిపెట్టుకోండి. కాలికి పుండున్న షుగరు మనుషులు, మూత్రం పైపు ఉన్నవాళ్లు, డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లు, కీమో నడుస్తున్నవాళ్లు అసలు దిగొద్దు. మా గుంపులో ఒకాయన మడమ పగిలి నెత్తురు కనిపిస్తోంది, అయినా దిగుతానని పట్టుబట్టాడు. మెట్టు మీద కూర్చోబెట్టి ఆయన కొడుకు చెంబుతో నెత్తిన పోశాడు, కాలి పగులుకి నీళ్లు తగలకుండా. ఏడుస్తూ నమస్కారం పెట్టుకున్నాడు. పుణ్యం తక్కువైందని ఎవరికీ అనిపించలేదు.

డ్రమ్ము, చెంబు, గరిటె

మన వైపు నుంచి వెళ్లే యాత్రా బృందాలకు వంటవాళ్లు వెంట వస్తారు. మాదీ అంతే, 42 మందిమి. పప్పు, చారు వేడివేడిగా పొగలు కక్కుతూ వచ్చేవి, వాటి గురించి టెన్షన్ లేదు. లాడ్జి వరండాలో పెట్టిన తాగునీళ్ల డ్రమ్ము దగ్గరే నాకు గుండె ఝల్లుమంది.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, పైన సగం విరిగిన మూత. పక్కన గొలుసుకి కట్టిన స్టీలు గ్లాసు. నేను పావుగంట కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. వచ్చినవాళ్లు గ్లాసు పట్టుకుని మణికట్టు దాకా నీళ్లలో ముంచుతున్నారు. ఒకావిడ బాత్రూం నుంచి వచ్చి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, అదే చేత్తో ముంచింది. నలుగురి గోళ్ల సందుల్లో ఉన్నది ఆ డ్రమ్ములో నలభై మందికి పంచుతున్నారు. కాచి పోసినా, క్లోరిన్ వేసినా, ముంచే చెయ్యి ముంచుతూనే ఉంటే ఏం లాభం?

మర్నాడు ఆ గ్లాసు తీయించి నా గరిటె కట్టాను. కాడ పట్టుకుని తోడి సీసాలో పోసుకోవాలి, గరిటె మళ్లీ డ్రమ్ము లోపల వేయకుండా కొక్కేనికి తగిలించాలి. మీ బృందానికి కుళాయి ఉన్న డ్రమ్ము దొరికితే ఇంకా మేలు. బృందం నడిపే ఆయనతో బయల్దేరే ముందే ఈ ఒక్క ముక్క మాట్లాడండి. పుష్కరాలకి వెళ్లినా ఇదే. 2027లో గోదావరి పుష్కరాలు మన గుమ్మంలోకే వస్తున్నాయి.

చేతులు సబ్బుతో, ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టేంత సేపు కడగాలి. దొడ్డికి వెళ్లొచ్చాక, తినే ముందు, ప్రసాదం పట్టే ముందు. శానిటైజర్ క్యూలో ఉన్నప్పుడు పనికొస్తుంది కానీ, మట్టి, జిడ్డు అంటిన చేతికి పనిచేయదు. వాంతులూ విరేచనాలూ తెప్పించే కొన్ని వైరస్‌లకు అది సరిగ్గా ఆనదు కూడా.

తిండి విషయంలో ఒకే సూత్రం: పొయ్యి మీంచి దిగింది తినండి, కోసి పెట్టింది తినకండి. కోసిన కీరా, పుచ్చకాయ ముక్కలు, పచ్చి చట్నీ, ఐసు వేసిన చెరకు రసం వద్దు. అరటిపండు మీరే ఒలుచుకోండి.

మోషన్స్ పట్టుకుంటే

గరిటె కట్టిన రోజుకే ఆలస్యమైపోయింది. మూడో రోజు రాత్రికి తొమ్మిది మందికి పట్టుకున్నాయి, మా మేనత్తకు కూడా. "నా మాత్రలు నీ బీరువాలో కూర్చున్నాయి" అని ఒక చూపు చూసింది నన్ను.

ప్రయాణంలో వచ్చే నీళ్ల విరేచనాలు చాలామటుకు మూడు నాలుగు రోజుల్లో వాటంతట అవే ఆగుతాయి. ప్రాణం మీదికి తెచ్చేది క్రిమి కాదు, పోయిన నీళ్లూ ఉప్పూ. పోయింది పోసుకుంటూ ఉండడమే వైద్యం.

ఓఆర్‌ఎస్ పొట్లం లీటరుదైతే లీటరు నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. మా మేనత్త గ్లాసులో రెండు చెంచాలు వేసుకుని మిగతాది మడిచి దాచుకుంది. అలా చేస్తే ఉప్పు ఎక్కువై ఇంకా ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి. ఒక్కో విరేచనానికి ఒక గ్లాసు, గుక్కగుక్కగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. షుగరు ఉన్నవాళ్లు కూడా తాగాలి, భయపడి మానకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో తమ డాక్టర్ని ఫోన్‌లో అడగాలి. నీరు తీసే బీపీ మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు విరేచనాలు ఆగేదాకా వాటిని ఆపాలా అని కూడా ఆ ఫోన్‌లోనే అడగండి, చాలామందికి ఇది తట్టదు.

కొనేటప్పుడు పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు అట్టపెట్టెల్లో అమ్మేవారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. పిల్లలకైతే ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ కూడా ఇస్తారు, ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు.

మలంలో రక్తం, చలితో జ్వరం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం, మనిషి మగతగా ఉండడం, బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోవడం, మూడు రోజులైనా తగ్గకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేను చెప్పేది వినకండి, ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ యాంటీబయాటిక్ ఇస్తే చెప్పినన్ని రోజులు వేసుకోండి. రక్తం, జ్వరం ఉన్నప్పుడు విరేచనాలు బిగబట్టే మాత్ర మాత్రం వేసుకోకూడదు.

తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఓఆర్‌ఎస్, పెరుగన్నంతో లేచి తిరిగారు. మా మేనత్త రెండో రోజు సాయంత్రానికి హర్ కీ పౌడీ హారతికి నాకన్నా ముందు తయారైంది. తొమ్మిదో ఆయన మా బావగారు. పక్క బెర్తు మనిషి దగ్గర లావు మాత్రలు అడిగి రెండు వేసుకుని, తగ్గగానే ఆపేశారు. నాకు తిరుగు రైల్లో చెప్పారు.

జలుబు, గొంతు నొప్పి గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఆ గుంపుల్లో అంటేది చాలావరకు వైరస్సే, దానికి అజిత్రోమైసిన్ ఏమీ చేయదు. ఉప్పునీళ్లు పుక్కిలించండి, పారాసిటమాల్ వేసుకోండి, ఆయాసం వచ్చినా జ్వరం మూడు రోజులు దాటినా చూపించుకోండి. ల్యాబ్ మనిషిగా ఒక్క మాట: ఒకే ఒక్క వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ అనేసుకోకండి. మన దేశంలో అది ఉత్తినే పాజిటివ్ రావడం మామూలు. మందు మొదలుపెట్టక ముందు బ్లడ్ కల్చర్ చేయించమని అడగండి.

హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా తప్పనిసరి, అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందు వేసుకోవాలి. 2000లో హజ్ నుంచి ఆ జబ్బు చాలా దేశాలకు పాకింది. మిగతావన్నీ మనకు చెప్పినవే వాళ్లకూ.

అక్కడ మనం వదిలేది

విరేచనాలవుతున్న మనిషి ఘాట్‌కి వెళ్లకూడదు. ఇదొక్కటీ మా బృందంలో ఎవరికీ రుచించలేదు. డబ్బు పెట్టి ఇంతదూరం వచ్చి స్నానం మానడమా అని. మానాలి, లేదా గదిలో బకెట్లో గంగ నీళ్లు కలుపుకుని చేయాలి. ఆ రోజున మన ఒంట్లోంచి పోయేది ఆ నీళ్లలో పక్కవాళ్ల పసిపిల్ల నోట్లోకి వెళ్తుంది. రాళ్ల వెనక్కి వెళ్లొద్దు, ఎంత క్యూ ఉన్నా కట్టిన మరుగుదొడ్డికే వెళ్లండి. పసిపిల్లల డైపర్లు, మిగిలిన మాత్రలు నీళ్లలో వేయకండి.

ఇంటికొచ్చాక

వచ్చిన నెలన్నరకి మా బావగారికి మూత్రంలో మంట, చలిజ్వరం. కల్చర్ రిపోర్టు నాకు ఫోన్‌లో పంపారు. ఇ.కోలై, ఈఎస్‌బీఎల్. పక్క వరసలో నోటి మాత్రల పేర్ల ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు. మెరోపెనెమ్ ఎదురుగా ఎస్ కనిపించాక ఊపిరి పీల్చుకున్నాను. వారం రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకున్నారు. అది యాత్రలో తెచ్చుకున్నదా, ముందే ఉన్నదా అంటే చెప్పలేను. ప్లేటు మీద చుక్కలకి ఊరి పేరు ఉండదు.

నెదర్లాండ్స్ నుంచి విదేశాలకు వెళ్లొచ్చిన సుమారు 2,000 మందిని వెంటాడి చూసిన అధ్యయనం ఒకటుంది, 2017లో వచ్చింది. ప్రయాణంలో మొండి క్రిమిని తెచ్చుకున్నవాళ్లలో సగం మందికి నెల లోపే అది పోయింది. 11 శాతం మందిలో ఏడాదైనా ఉంది. ఇంట్లో ఇంకొకరికి అంటించే అవకాశం 12 శాతం. అందుకే తిరిగొచ్చాక కనీసం నెలపాటు, వంట చేసేవాళ్లు, ముసలివాళ్లకు, పసిపిల్లలకు చాకిరీ చేసేవాళ్లు సబ్బు విషయంలో గట్టిగా ఉండాలి. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు మలం పరీక్ష చేయించి క్రిమిని వెతకొద్దు, దాన్ని చంపడానికి మందూ వేసుకోవద్దు. చోటు దొరకకపోతే చాలామందిలో అదే పోతుంది.

ఏడాది లోపు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, ఆపరేషన్ అయినా, ప్రోస్టేట్ బయాప్సీ అయినా, "ఫలానా నెలలో యాత్రకు వెళ్లాను, అక్కడ విరేచనాలయ్యాయి, ఈ మాత్ర వేసుకున్నాను" అని డాక్టరు అడగకపోయినా చెప్పండి. మూత్రంలో మంట వస్తే మొదటి మాత్రకు ముందే కల్చర్‌కి ఇవ్వాలి. కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టండి. రెండు గంటల్లో అందించలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఊళ్లో పొద్దున పట్టి, ఎండలో బస్సులో మధ్యాహ్నానికి తెచ్చిన శాంపిళ్లు నేను ఎన్ని చూశానో. అందులో ఉన్న పది క్రిములు లక్షలై, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తాయి.

తెచ్చుకున్న గంగ చెంబుకు సీలు ఉన్నా, బంధువులకు తీర్థంగా ఇచ్చేముందు కాచండి. ముఖ్యంగా మంచాన పడ్డవాళ్ల నోట్లో పోసే నీళ్లు. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా మేనత్తే చేస్తుంది, పాలగిన్నె పక్కన గంగగిన్నె పెట్టి.

బీరువాలో ఉన్న నాలుగు అట్టల్లో రెండిటికి గడువు దాటిపోయింది. గడువు దాటిన మందులు ఆసుపత్రుల్లో పసుపు సంచిలో వేస్తారు, కాల్చడానికి పంపుతారు. పాత ల్యాబ్‌కి వెళ్లిన రోజున నాలుగూ అందులో పడేసి వచ్చాను. మా మేనత్త కార్తీకంలో కాశీకి బయల్దేరుతోంది. నిన్న ఫోన్ చేసి, "నా మాత్రలు జాగ్రత్తగా ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను.